వాయించడం రాని వాద్యశిల్పి: లియో ఫెండర్

వార్షికోత్సవానికి మూడు వారాల ముందు ఒక ఆదివారం పొద్దున మేమిద్దరం ఒక బరువైన పెట్టెను మోసుకుంటూ బర్కత్‌పురలోని ఒక మూడంతస్తుల ఇంటి మెట్లెక్కాం. ఆ ఇంటి డాబా మీది గదిలో మన హాస్టల్ పూర్వ విద్యార్థులు కొందరు అద్దెకుంటూ పోటీ పరీక్షలకు చదువుకుంటున్నారు. హాస్టల్లో ప్రాక్టీసు చేస్తే తమ్ముళ్ళ చదువు పాడవుతుందని మన బ్యాండు ఆదివారాలు అక్కడే చేరుతుంది. పెట్టెలో ఉన్నది గిటార్ ఆంప్లిఫయర్. ట్రాన్సిస్టర్లది కాదు, వాల్వులది. ట్యూబ్ ఆంప్ అని కూడా అంటారు. ఉద్యోగంలో చేరిన మన సీనియర్ అన్న ఒకరు జీతంలో కొంత కొంత దాచి కొత్తది కొని, బ్యాండు వాడుకోవడానికి ఇచ్చారు.

మేమిద్దరం బ్యాండులో వాయించేవాళ్ళం కాదు. మాలో ఒకరిది ఎం.కాం., ఇంకొకరిది ఎం.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్. పెట్టెలు మొయ్యడం, వైర్లు కలపడం, కింద హోటల్ నుంచి టీ తేవడం మా పని. వార్షికోత్సవం కరపత్రంలో బ్యాండు సభ్యుల పేర్లు వేశారు. వాయించేవాళ్ళవీ పాడేవాళ్ళవీ ఉన్నాయి, మావి లేవు. దాచుకోవడం ఎందుకు, కొంచెం కష్టమనిపించింది. ఆ బాధతోనే, అసలు ఇలాంటి పెట్టెను ఒక దారికి తెచ్చిన మనిషి ఎవరా అని వెతికాం. మాకు లియో ఫెండర్ జీవితం దొరికింది. ప్రపంచమంతా గిటారిస్టులు పేరు చెప్పుకొనే ఆ మనిషికి గిటార్ వాయించడం రాదు. కనీసం శృతి చెయ్యడం కూడా రాదు. ఆ జీవితాన్ని మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు ఆ రోజు మాకు ఎదురైన చిక్కు చెప్పాలి. మన బ్యాండులో డప్పు ఉంది. డప్పుకు మైకు అక్కర్లేదు. ఊరి ఈ చివర కొడితే ఆ చివర వినపడుతుంది. దాని పక్కన మామూలు గిటార్ పెడితే వేళ్ళు కదలడమే కనిపిస్తుంది, మోత వినపడదు. ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. 1930లలో అమెరికాలో బాకాలు, డ్రమ్ములు మోగే పెద్ద బ్యాండ్లలో గిటార్ వాయించేవాళ్ళందరికీ ఇదే బాధ. వెనక కూర్చుని తాళానికి తోడుగా తీగలు మీటడమే తప్ప సొంతంగా నాలుగు స్వరాలు వినిపించే అవకాశం వాళ్ళకు అరుదు. చార్లీ క్రిస్టియన్ అనే పేద నల్లజాతి యువకుడు 1939లో బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో చేరి, గిటార్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి, బాకాలతో సమానంగా ముందుకు తెచ్చాడు. క్షయతో 1942లో, పాతికేళ్ళకే చనిపోయాడు. గిటార్‌కు గొంతు రావాలంటే కరెంటు కావాలని ఆయన చూపించాడు. ఆ గొంతును ప్రతి చిన్న బ్యాండుకూ అందేలా చేసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసింది లియోను.

ఆయన పూర్తి పేరు క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్. 1909 ఆగస్టు 10న కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్, ఫుల్లర్టన్ అనే ఊళ్ళ మధ్య పుట్టాడు. తల్లిదండ్రులు నారింజ తోట సాగు చేసుకునే రైతులు. ఎనిమిదేళ్ళ వయసులో కణితి వల్ల ఎడమ కన్ను పోయింది. గాజు కన్ను పెట్టారు. పియానో కొంత, తర్వాత శాక్సఫోన్ కొంత నేర్చుకున్నాడు గానీ సంగీతంలో నిలవలేదు. పదమూడు పద్నాలుగేళ్ళప్పుడు, కార్ల ఎలక్ట్రికల్ షాపు నడిపే మేనమామ పాత రేడియో భాగాలు నింపిన పెట్టె ఒకటి పంపాడు. ఆ తర్వాత ఆ షాపుకు వెళ్ళినప్పుడు, విడిభాగాలతో మామ కట్టిన రేడియో గట్టిగా పలకడం విన్నాడు. ఆ శబ్దం ఆ పిల్లవాణ్ణి జీవితాంతం వదల్లేదు. హైస్కూల్లో ఉండగానే ఇంట్లో రేడియోలు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు.

అయినా చదివింది రేడియో చదువు కాదు. 1928లో హైస్కూల్ పూర్తి చేసి, ఫుల్లర్టన్ జూనియర్ కాలేజీలో అకౌంటెన్సీ చదివారు. ఐసు కంపెనీలో సరుకు చేరవేసే పనికి కుదిరి, అక్కడే లెక్కలు రాసే గుమాస్తా అయ్యారు. ఆ రోజుల్లోనే ఒక బ్యాండు నాయకుడు వచ్చి డ్యాన్సు కార్యక్రమాలకు మైకుసెట్లు కావాలని అడిగితే ఆరు సెట్లు తయారుచేసి ఇచ్చారు. 1934లో ఎస్తర్‌ను పెళ్ళి చేసుకున్నారు. తర్వాత రాష్ట్ర రహదారుల శాఖలో అకౌంటెంటు ఉద్యోగం వచ్చింది. అమెరికాను ఆర్థిక మాంద్యం పట్టి పీడిస్తున్న కాలమది. ఆ ఉద్యోగం పోయింది. టైర్ల కంపెనీలో లెక్కల ఉద్యోగం దొరికింది. ఆరు నెలలకు అదీ పోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ, చిక్కడపల్లి లైబ్రరీ బల్లల మీద ఏళ్ళు గడుపుతున్న మన అన్నలకు ఈ ఘట్టం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చదువుకుని, ఉద్యోగం చేసి, తన తప్పేమీ లేకుండానే రోడ్డున పడ్డ ముప్పై ఏళ్ళ మనిషికి, ఒక కన్ను లేని మనిషికి, చేతిలో మిగిలింది చిన్ననాటి రేడియో పని మాత్రమే. 1938లో 600 డాలర్లు అప్పు తెచ్చి, ఫుల్లర్టన్‌లో ఫెండర్ రేడియో సర్వీస్ అని షాపు పెట్టారు. రేడియోలు బాగుచేసేవారు. మైకుసెట్లు తయారుచేసి ఆటల పోటీలకు, డ్యాన్సులకు అద్దెకిచ్చేవారు. మన మండల కేంద్రాల్లో పెళ్ళికీ జాతరకూ బాక్సులు, మైకులు అద్దెకిచ్చే సౌండ్ సిస్టం షాపులు ఉంటాయి కదా, అచ్చం అలాంటిదే.

షాపుకు వచ్చేవాళ్ళలో బ్యాండ్లవాళ్ళు చాలామంది. ఆంప్లిఫయర్ చెడిపోయిందని ఒకరు, గుర్రుమంటోందని ఒకరు, సగం పాటలో ఆగిపోయిందని ఇంకొకరు. ఆయన వాళ్ళ గోడు వింటూ బాగుచేసేవారు. ఏ భాగం ఎందుకు కాలుతుందో, ఏ అతుకు ఎందుకు ఊడుతుందో అలా తెలిసింది. ఇతరుల చేతిలో చెడిపోయిన వస్తువులే ఆయనకు పాఠ్యపుస్తకాలు.

వాల్వు సంగతి తెలియని తమ్ముళ్ళ కోసం రెండు మాటలు. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక ఫిలమెంటు ఉంటుంది. అది ఎర్రగా కాలితే దాని వేడికి కాథోడ్ అనే భాగం నుంచి ఎలక్ట్రాన్లు బయటికొచ్చి, ఎక్కువ వోల్టేజీ ఉన్న ప్లేటు వైపు పరుగెడతాయి. మధ్యలో గ్రిడ్ అనే సన్నని తీగల జల్లెడ. చెరువు తూము దగ్గర ఒక మనిషి షట్టరు కొంచెం తిప్పితే కాలువ నిండా నీళ్ళు హెచ్చుతాయి, తగ్గుతాయి. గిటార్ నుంచి వచ్చే బలహీనమైన కరెంటు గ్రిడ్ దగ్గర ఆ మనిషి చేసే పనే చేస్తుంది. దాని చిన్న కదలికను ప్లేటు దగ్గరి పెద్ద ప్రవాహం అనుకరిస్తుంది. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ స్పీకర్‌కు సరిపడేలా మార్చి పంపుతుంది. వాల్వును దాని శక్తికి మించి తోస్తే శబ్దం తెగిపోదు, గట్టిగా పాడే మనిషి గొంతులో వచ్చే జీర లాంటిది వస్తుంది. రేడియోకు అది లోపం. గిటార్‌కు అదే అందమైంది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టి, తర్వాత రేడియోల్లోంచి వాల్వులను వెళ్ళగొట్టినా, గిటారిస్టులు మాత్రం ఈనాటికీ వాటిని వదలకపోవడానికి ఇదొక కారణం.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో గాజు కన్ను వల్ల లియోను సైన్యంలోకి తీసుకోలేదు. షాపులోనే ఉండి డాక్ కాఫ్‌మన్ అనే స్టీల్ గిటార్ విద్వాంసుడితో స్నేహం చేశారు. ఇద్దరూ కలిసి 1945లో కె అండ్ ఎఫ్ అనే కంపెనీ పెట్టి, ఒళ్ళో పెట్టుకుని వాయించే స్టీల్ గిటార్లు, వాటికి చిన్న ఆంప్లిఫయర్లు తయారుచేశారు. అప్పుల భయంతో 1946లో కాఫ్‌మన్ తప్పుకున్నారు. లియో తప్పుకోలేదు. ఫెండర్ ఎలక్ట్రిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ అని కొత్త పేరు పెట్టి ఒంటరిగా సాగించారు.

ఆయన పనితీరు గమనించదగ్గది. సర్క్యూట్ల మూలాలు ఆయన కనిపెట్టినవి కావు. వాల్వులు తయారుచేసే పెద్ద కంపెనీలు అచ్చువేసిన పుస్తకాల్లో ఉన్నవే. ఆయన చేసిందల్లా వాటిని బ్యాండు జీవితానికి తగ్గట్టు మార్చడం. లారీలో ఎక్కించి దించినా పగలని పెట్టె, చెడితే ఊళ్ళోని రేడియో మెకానిక్కే విప్పి బాగుచేసుకునే అమరిక. కొత్త నమూనా తయారైతే చుట్టుపక్కల డ్యాన్సు హాళ్ళలో వాయించే బ్యాండ్లకు ఇచ్చి వాడి చూడమనేవారు. బిల్ కార్సన్ వంటి గిటారిస్టులు వాటిని కచేరీల్లో వాడి లోపాలు చెప్పేవారు. తను వాయించలేడు కాబట్టి ఆయనకు వాళ్ళ చెవులే ఆధారం. వాయించడం వచ్చినవాడైతే తనకు నచ్చినదే చేసి ఊరుకునేవాడేమో. రానందువల్ల అడగక తప్పలేదు, వినక తప్పలేదు.

గిటార్ల విషయంలోనూ అదే పద్ధతి. 1950లో ఆయన తెచ్చిన గట్టి చెక్క గిటార్‌కు 1951లో టెలికాస్టర్ అనే పేరు స్థిరపడింది. దాని మెడను జిగురుతో అతికించలేదు, బోల్టులతో బిగించారు. పాడైతే విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు. అది రిపేరు షాపు బుర్రకే వచ్చే ఆలోచన. అదే ఏడాది ప్రెసిషన్ బాస్ వచ్చింది. అంతవరకు మనిషెత్తు బాస్ వాద్యాన్ని వీపున మోసిన వాద్యకారుడు ఇక చేతిలో పట్టుకుని నిలబడగలిగాడు. దాని శబ్దం కోసం 1952లో బాస్‌మన్ ఆంప్లిఫయర్ చేశారు. 1954లో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. గిటార్ అంచులు పక్కటెముకలకు గుచ్చుకుంటున్నాయని వాద్యకారులు చెప్పుకోగా, ఒంటికి ఒదిగేలా చెక్కను చెక్కించారు. ఇక బాస్ కోసం చేసిన ఆ బాస్‌మన్‌ను గిటారిస్టులు సొంతం చేసుకున్నారు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ షాపువాళ్ళు దాన్నే నమూనాగా పెట్టుకుని తమ తొలి ఆంప్లిఫయర్ కట్టారు. తర్వాత రాక్ సంగీతం వేదికల మీద గోడల్లా నిలబడ్డ మార్షల్ పెట్టెలకు మూలం ఫుల్లర్టన్ రేడియో షాపులో ఉంది.

మన ప్రాక్టీసు గదికి బాగా దగ్గరైన కథ డిక్ డేల్‌ది. సముద్రపుటలల మీద పలకతో స్వారీ చేసే కుర్రాళ్ళకు ఇష్టమైన గిటారిస్టు ఆయన. ఎడమచేతి వాటం, తీగలు తలకిందులు, మహా దూకుడు. బల్బోవాలోని రాండేవూ బాల్‌రూమ్‌లో వాయించేవాడు. లియో ఇచ్చిన ఆంప్లిఫయర్లు ఒకదాని తర్వాత ఒకటి కాల్చేవాడు, స్పీకర్లు చింపేవాడు. తన షాపులో పరీక్షిస్తే బాగానే పనిచేస్తున్నవి అక్కడ ఎందుకు పోతున్నాయో లియోకు అర్థం కాలేదు. చివరికి సహచరుడు ఫ్రెడ్డీ టవారెస్‌తో కలిసి స్వయంగా ఆ హాలుకు వెళ్ళి, కిక్కిరిసిన జనం మధ్య నిలబడి విన్నారు. మనుషులు నిండిన హాలు శబ్దాన్ని మింగేస్తుందని అప్పుడు తెలిసింది. డేల్‌ను నిదానంగా వాయించమని చెప్పలేదు. తిరిగి వెళ్ళి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చేయించారు, జేబీఎల్ కంపెనీ 15 అంగుళాల స్పీకర్ తెప్పించారు. షోమన్ అనే ఆంప్లిఫయర్, తర్వాత రెండు స్పీకర్ల డ్యుయల్ షోమన్ అలా పుట్టాయి.

ఈ కథలో మనం మరిచిపోకూడనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఫెండర్ ఫ్యాక్టరీలో వైర్లు అతికినవాళ్ళలో, గిటార్ పికప్పుల మీద వెంట్రుక లాంటి రాగితీగ చుట్టినవాళ్ళలో చాలామంది మెక్సికన్ మూలాలున్న శ్రామిక మహిళలు. 1956లో చేరిన అబిగైల్ యబారా దశాబ్దాల పాటు ఆ పని చేశారు. ఆమె చుట్టిన పికప్పుల కోసం తర్వాతి తరం గిటారిస్టులు వెతుక్కున్నారు. 1950ల నాటి ఆంప్లిఫయర్లను నేడు విప్పి చూస్తే, లోపల చిన్న కాగితపు టేపు ముక్క మీద దాన్ని అతికిన మహిళ పేరు కనిపిస్తుంది. లిలీ అనో, లూపే అనో. పెట్టె ముందు ఫెండర్ పేరు, లోపల ఆమె పేరు. ఆ సంగతి చదివినప్పుడు మా ఇద్దరికీ మన కరపత్రం గుర్తొచ్చింది. ఫ్యాక్టరీల్లో, పొలాల్లో, ఇళ్ళు కట్టే చోట పనిచేసే మన అమ్మానాన్నలు కూడా గుర్తొచ్చారు. వాళ్ళు కట్టిన ఏ గోడ మీదా వాళ్ళ పేరు లేదు.

1950ల మధ్య నుంచి లియోను ఒక ఇన్‌ఫెక్షన్ పట్టుకుని వదల్లేదు. ఇక ఎక్కువ కాలం బతకనని భయపడి, 1965 జనవరిలో కంపెనీని సీబీఎస్ సంస్థకు కోటీ ముప్పై లక్షల డాలర్లకు అమ్మేశారు. విచిత్రమేమంటే, ఆ తర్వాత ఒక డాక్టరు చికిత్సతో జబ్బు నయమైంది. అంత డబ్బున్న మనిషి తోట కొనుక్కుని కూర్చోవచ్చు. ఆయన మళ్ళీ పనిబల్ల దగ్గరికే వెళ్ళారు. 1970లలో మ్యూజిక్ మన్ కంపెనీలో పనిచేశారు. 1979లో భార్య ఎస్తర్ కాన్సర్‌తో చనిపోయారు. ఆ దుఃఖం నుంచి తేరుకుని, పాత మిత్రుడు జార్జ్ ఫుల్లర్టన్‌తో కలిసి జి అండ్ ఎల్ అనే మరో కంపెనీ నడిపారు. పార్కిన్సన్ వ్యాధితో చేతులు వణుకుతున్నా పనికి వెళ్ళడం మానలేదు. 1991 మార్చి 21న కన్నుమూశారు. మరుసటి ఏడాది రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు.

ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగిందని తమ్ముళ్ళు అనుకోవచ్చు. మన పాలకొల్లు కథ కూడా ఇలాంటిదే. 1969లో అక్కడ పుట్టిన శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించారు. కరెంటు సాయం లేకుంటే మాండొలిన్ స్వరం పుట్టగానే చచ్చిపోతుంది. గమకం పలకాలంటే స్వరం కాసేపు నిలబడాలి. అందుకే ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నారు. ఆయనకు సంగీతం నేర్పిన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. వాయించడం రానివాళ్ళు కూడా వాద్యానికి ప్రాణం పొయ్యగలరు అనడానికి మన ఇంట్లోనే ఉన్న సాక్ష్యం అది.

మళ్ళీ బర్కత్‌పుర డాబా మీదికి వద్దాం. ఆ ఆదివారం కొత్త ఆంప్లిఫయర్ ఆన్ చేయగానే గుర్రుమని మోత. గిటారిస్టు తమ్ముడు తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతోంది, తీస్తే పెరుగుతోంది. కొత్త పెట్టె చెడిపోయిందనుకుని అందరి ముఖాలూ వాడిపోయాయి. మేము ఆంప్లిఫయర్‌ను విప్పలేదు. లోపల కొన్ని వందల వోల్టులు ఉంటాయి, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. తెలియనివాళ్ళు ఎవరూ విప్పకూడదు. మేము వెతికింది బయట. ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గును గోడ నుంచి తీసి విప్పి చూస్తే ఎర్త్ వైరు ఊడిపోయి ఉంది. బిగించాం. మోత చాలావరకు పోయింది. ఎర్త్ లేకుండా వాయిస్తే మోత మాత్రమే కాదు, ప్రాణానికే ముప్పు రావచ్చు.

తర్వాత వాల్వులు వేడెక్కడానికి ఒక నిమిషం ఆగాం. సరిగ్గా అప్పుడే డప్పు తమ్ముడు డాబా మూలన పాత కాగితాలు మండించి డప్పు కాపుకుంటున్నాడు. తోలు కాగితే గాని డప్పు పలకదు, ఫిలమెంటు కాలితే గాని వాల్వు పలకదు. తాతల నాటి వాద్యం, కొత్తగా కొన్న వాద్యం రెండూ ఒకే నిప్పు కోసం ఆగడం చూసి మాకు చెప్పలేనంత సంతోషం కలిగింది.

మొదటి పాటలో గిటార్ మళ్ళీ డప్పు కింద మునిగిపోయింది. మేము లియో చేసిన పనే చేశాం. గదిలోంచి బయటికొచ్చి, మెట్ల మీద ఒకరం, డాబా చివర ఒకరం నిలబడి విన్నాం. నేల మీది పెట్టెను కుర్చీ మీదికి ఎక్కించి, మూల నుంచి జరిపి, బాస్ తగ్గించి, మధ్య స్వరాలు కొంచెం పెంచమన్నాం. మూడోసారికి డప్పు డప్పులా, గిటార్ గిటార్‌లా విడివిడిగా వినిపించాయి. కింది ఇంటి పెద్దాయన పైకి వచ్చారు. తిడతారనుకున్నాం. పన్నెండు లోపు ముగించమని చెప్పి, ఒక పాట విని దిగిపోయారు.

తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేము చెప్పేది ఒక్కటే. పాట రాదని, వాద్యం రాదని బ్యాండుకు దూరంగా ఉండకండి. వినడం కూడా ఒక విద్య. లెక్కలు చూసేవాళ్ళు, వైర్లు బిగించేవాళ్ళు, మెట్ల మీద నిలబడి వినేవాళ్ళు లేకుంటే వేదిక మీద ఏ పాటా నిలవదు. కరపత్రంలో మా పేర్లు లేవన్న బాధ ఇప్పుడు మాకు లేదు. వార్షికోత్సవం రోజున ఆంప్లిఫయర్ మోసేందుకు మెట్ల దగ్గర మాకు ఇంకా ఇద్దరు మనుషులు కావాలి. వచ్చేవాళ్ళు సాయంత్రం నాలుగింటికల్లా రండి.